తెరచాప పడవలో గ్రీసు గనుల దీవులకు: ఆరుగురం, వారం రోజులు

పోయిన మే నెల చివరి వారంలో మేం ఆరుగురం గ్రీసు వెళ్ళి, ఒక తెరచాప పడవను కెప్టెన్‌తో సహా వారానికి అద్దెకు తీసుకుని, లావ్రియో రేవు నుంచి కిథ్నోస్, సెరిఫోస్, సిఫ్నోస్ దీవులు తిరిగి వచ్చాం. వచ్చినప్పటి నుంచి హన్మకొండలో కనిపించిన ప్రతి ఒక్కరూ అవే అడుగుతున్నారు, ఎంతయింది, భయం కాలేదా, పెద్దాయన్ని ఎట్లా తీసుకెళ్ళారు అని. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నా. పడవ ఇచ్చిన కంపెనీ పేరు మాత్రం రాయను. వాళ్ళ మీద నాకు రెండు ఫిర్యాదులు ఉన్నాయి, పైగా ఆ రేవులో ఇదే వ్యాపారం చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, కాబట్టి ఎవరి దగ్గర తీసుకున్నా ఏం అడగాలో చెప్తాను. మార్కులు వేయమంటే మొత్తం మీద అయిదుకు నాలుగు. తగ్గిన ఆ ఒక్కటీ కంపెనీ ఆఫీసు వల్ల తగ్గింది. కెప్టెన్‌కు విడిగా వేయమంటే అయిదుకు అయిదు.

ఆరుగురం అంటే నేను, మా ఆయన, ఇంటర్ పూర్తి చేసిన మా పాప, జర్మనీలో ఉండే తమ్ముడు, మరదలు, మా బాపు. బాపుకు 71 ఏళ్ళు. గోదావరిఖనిలో బొగ్గు బాయిలో కోల్ ఫిల్లర్‌గా, అంటే బొగ్గు ఎత్తి నింపే పనిలో చేరి, 33 ఏళ్ళ తర్వాత సర్దార్‌గా రిటైరయ్యాడు. జీవితంలో సముద్రం చూసింది ఒక్కసారి, అదీ వైజాగ్‌లో ఒడ్డు మీద నిలబడి. అమ్మ పోయినప్పటి నుంచి ఆయన గడప దాటడం తగ్గిపోయింది, అందుకే ఈసారి ఎట్లాగైనా తీసుకెళ్ళాలని నేనూ తమ్ముడూ గట్టిగా అనుకున్నాం. తమ్ముడు మొదట శాంటోరినీ, మికొనోస్ అన్నాడు. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను, మ్యాపు ముందేసుకుని నాలుగు రోజులు చదివాక నాకు వేరే దారి కనిపించింది. లావ్రియో రేవు, ఏథెన్స్‌కు దగ్గరగా దీవుల గుంపుకు పడమటి అంచున ఉన్న ఈ దీవులు ఒకప్పుడు గనుల మీద బతికాయి. లావ్రియోలో వెండి, సెరిఫోస్‌లో ఇనుము, సిఫ్నోస్‌లో బంగారం, వెండి. బాపును తీసుకెళ్ళాల్సింది అక్కడికే అనిపించింది. తమ్ముడు కూడా ఆ మాట వినగానే ఒప్పుకున్నాడు.

ఈ దీవుల గుంపును సైక్లేడ్స్ అంటారు. గ్రీకులో చక్రం అనే మాట నుంచి వచ్చిన పేరు, మధ్యలో డెలోస్ అనే పవిత్రమైన దీవి ఉంటే దాని చుట్టూ ఇవన్నీ ఉన్నాయని. డెలోస్ మేం వెళ్ళలేదు, అది ఇంకొంచెం తూర్పున, మికొనోస్ పక్కన ఉంది. గుళ్ళు, శిథిలాలు ముఖ్యం అనుకునేవాళ్ళు అటు ప్లాన్ చేసుకోండి.

డబ్బుల సంగతి. 45 అడుగుల పడవ, నాలుగు గదులు, వారానికి 2600 యూరోలు. కెప్టెన్‌కు రోజుకు 200 చొప్పున 1400, ఆయన భోజనం కూడా మనమే చూడాలి. దుప్పట్లు, గ్యాసు, చివర్లో శుభ్రం చేయడం కలిపి 200. డీజిల్ 140, రేవుల్లో కరెంటు, నీళ్ళకు మొత్తం 60. వంట సరుకులు, హోటల్ భోజనాలు ఓ 600. అంతా కలిపి 5000 యూరోలు. యూరో వంద రూపాయలు వేసుకుంటే మనిషికి 83 వేల చిల్లర. విమానం, వీసా వేరే. గ్రీసుకు కావాల్సిన షెంజెన్ వీసా ఫీజు పెద్దవాళ్ళకు 90 యూరోలు. శంషాబాద్ నుంచి దోహా మీదుగా ఏథెన్స్ దిగాం. ఒక మంచి సంగతి ఏమిటంటే ఏథెన్స్ విమానాశ్రయం ఊరికి తూర్పున ఉంది, లావ్రియో కూడా అటే, కాబట్టి సిటీలోకి వెళ్ళకుండానే టాక్సీలో ముప్పావు గంటలోపే రేవుకు చేరిపోయాం. ఏథెన్స్ దగ్గర పెద్ద రేవు అలిమోస్‌లో కూడా పడవలు దొరుకుతాయి, కానీ ఈ దీవులకు లావ్రియో చాలా దగ్గర, మొదటి రోజే నాలుగైదు గంటల ప్రయాణం కలిసొస్తుంది.

అద్దె శనివారం సాయంత్రం నుంచి మరుసటి శనివారం ఉదయం దాకా. అక్కడ మామూలుగా ఇట్లాగే ఇస్తారు. శుక్రవారం సాయంత్రానికి పడవ తిరిగి రేవులో ఉండాలి. అంటే ఏడు రోజుల డబ్బు కట్టినా నిజంగా తిరిగేది ఆదివారం నుంచి శుక్రవారం దాకా ఆరు రోజులు. ఇది ముందే లెక్కలో పెట్టుకోండి.

మొదటి ఫిర్యాదు ఇక్కడే. నాలుగు గదులు అన్నారు, ఎనిమిది మంది పడుకోవచ్చన్నారు. మేం ఆరుగురం కాబట్టి బాపుకు ఒక గది, పాపకు ఒక గది, రెండు జంటలకు రెండు అనుకున్నాం. రేవులో సామాన్లు దించాక తెలిసింది, ఒక గది కెప్టెన్‌ది అని. ఇది ఎక్కడా రాయలేదు, ఫోన్‌లో రెండుసార్లు మాట్లాడినా చెప్పలేదు. మా పాప వారమంతా మధ్య హాల్లో పడుకుంది. అక్కడ బల్లను కిందికి దించి పరుపు వేస్తే మంచం అవుతుంది, పొద్దున్నే మళ్ళీ లేపి బల్ల చేయాలి. అది సర్దుకుంది గానీ నాకు మాత్రం బాధ అనిపించింది, ముందే చెప్తే ఇంకో గది ఉన్న పడవ చూసుకునేవాళ్ళం కదా.

పడవలో బతకడం గురించి ఇంకో రెండు మాటలు. టాయిలెట్‌లో కాగితం వేయకూడదు, సన్నటి గొట్టం, పంపు పట్టుకుని కొట్టాలి, మొదటి రోజే ఒకటి జామ్ అయింది. మంచినీళ్ళు ట్యాంకులో ఉన్నంతే, రేవుకు వెళ్తే తప్ప నింపుకోలేం. ట్యాంకర్ కోసం ఎదురుచూసిన అలవాటున్న మాకు అది కష్టం కాలేదు. రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్ ఉంది, దాని సంగతి చెప్పాలి. అది గోడకు బిగించి ఉండదు, రెండు పక్కలా కీలు మీద ఉయ్యాలలా వేలాడుతుంది. పడవ ఎటు ఒరిగినా స్టవ్ మాత్రం సమంగానే ఉంటుంది. రెండో రోజు నేను దాని మీద సర్వపిండి చేశాను. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, శనగపప్పు ఇంటి నుంచే కట్టుకుని వెళ్ళాం. గిన్నెకు పిండి ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, వాటిలో నూనె పోశాను. నేను నిలబడ్డ నేల కుడి వైపుకు ఒరుగుతోంది, నా వీపు గోడకు ఆనింది, ఎదురుగా ఆ చిల్లుల్లో నూనె మాత్రం చుక్క కూడా పక్కకు జరగలేదు, సమంగా నిలబడి చుయ్యిమంటోంది. ఆ పని ఎవరు కనిపెట్టారో గానీ దండం పెట్టాలనిపించింది. కెప్టెన్ నాలుగు ముక్కలు తిన్నాడు.

కెప్టెన్‌ది ఆ చుట్టుపక్కలే, యాభై దాటిన మనిషి. పెద్దగా మాట్లాడడు. పొద్దున లేవగానే ముందు గాలి సంగతి ఫోన్‌లో చూసి, తర్వాత పైకి వచ్చి ఆకాశం చూసి, అప్పుడు మాకు ఆ రోజు ఏం చేయాలో చెప్పేవాడు. బాపు మొదటి రోజు నుంచే ఆయన్ని సర్దార్ అన్నాడు. బాయిలో సర్దార్ పనే అది, షిఫ్ట్ వాళ్ళు దిగే ముందు తాను లోపలికి వెళ్ళి పైకప్పు తట్టి చూసి, గాలి చూసి, సరే రండి అనడం. ఇద్దరికీ భాష రాకపోయినా పడవ వెనక చక్రం దగ్గర పక్కపక్కనే కూర్చునేవాళ్ళు.

శనివారం సాయంత్రం వెలుతురు ఉండగా సూనియో వెళ్ళాం, లావ్రియో నుంచి తొమ్మిది కిలోమీటర్లు. సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండ కొసన గ్రీకుల సముద్ర దేవుడు పొసైడన్ గుడి, క్రీ.పూ. 444 ప్రాంతంలో కట్టింది, తెల్లటి పాలరాతి స్తంభాలు మిగిలి ఉన్నాయి. 1163 నాటి మన వేయిస్తంభాల గుడి దగ్గర పెరిగినవాళ్ళం, మేం స్తంభాలు చూసి అంత సులభంగా ఆశ్చర్యపోం, కానీ ఆ గుడి నిలబడ్డ చోటు మాత్రం వేరు. ఓడల్లో ఇంటికి వచ్చేవాళ్ళకు దూరం నుంచే కనిపించాలని అక్కడ కట్టినట్టు ఉంది. మేం కూడా శుక్రవారం తిరిగి వస్తూ దాని కోసమే వెతుక్కున్నాం.

లావ్రియో ఊరు చూడటానికి మామూలుగా ఉంటుంది, చాలామంది అక్కడ ఆగకుండా పడవ ఎక్కేస్తారు. అది పొరపాటు. క్రీ.పూ. 483లో ఇక్కడి గనుల్లో వెండి బాగా పడింది. దాన్ని జనానికి పంచుదామని ఏథెన్స్‌లో అనుకుంటుంటే, థెమిస్టోక్లిస్ అనే నాయకుడు ఆ డబ్బుతో యుద్ధ ఓడలు కట్టిద్దామని ఒప్పించాడు. మూడేళ్ళకు, క్రీ.పూ. 480లో, సలామిస్ దగ్గర పారసీకుల నౌకాదళాన్ని గ్రీకులు ఓడించింది ఆ ఓడలతోనే. ఇది నేను ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకు కథలా చెప్తాను. ఆ వెండి తవ్వింది మాత్రం బానిసలు, ఇరుకు సొరంగాల్లో నూనె దీపాలు పెట్టుకుని. ఆ మాట చెప్పగానే బాపు సొరంగం ఎత్తు ఎంత అని అడిగాడు. చాలా చోట్ల మనిషి నిలబడలేనంత అని చెప్పాను. ఇంకేం అడగలేదు.

ఆదివారం పొద్దున బయలుదేరాం. రేవు దాటగానే ఎడమ వైపు పొడుగ్గా, బోడిగా ఒక దీవి కనిపిస్తుంది, మాక్రోనిసోస్. 1940ల చివర్లో, గ్రీసు అంతర్యుద్ధం రోజుల్లో వేలమంది రాజకీయ ఖైదీలను అక్కడ పెట్టారు. కెప్టెన్ దాని వైపు చెయ్యి చూపించి ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నాడు. దాని నీడ దాటాక గాలి అందుకుంది, ఇంజన్ ఆపేసి తెరచాప ఎత్తారు.

ఆ నిమిషం గురించి రాయాలి. ఇంజన్ ఆగిపోగానే ముందు భయం వేస్తుంది, ఏదో చెడిపోయిందనిపిస్తుంది. తర్వాత తెరచాప టపటపా కొట్టుకుని ఒక్కసారి బిగుసుకుంటుంది, పడవ ఒక పక్కకు ఒరిగి, అట్లాగే ఒరిగి ఉండి ముందుకు జారుతుంది. పోతున్నది సైకిల్ వేగమే, గంటకు పది పదకొండు కిలోమీటర్లు, కానీ నీళ్ళకు దగ్గరగా ఉంటాం కాబట్టి చాలా వేగంగా పోతున్నట్టు ఉంటుంది. మా మరదలికి గంటసేపు వాంతులయ్యాయి. కింద గదిలో పడుకుంటే ఎక్కువవుతుంది, పైన కూర్చుని దూరంగా గట్టు వైపు చూడమన్నాడు కెప్టెన్, అల్లం ముక్క నోట్లో పెట్టుకుంది, మధ్యాహ్నానికి తేరుకుంది. మాత్రలు వేసుకునేవాళ్ళు బయలుదేరాక కాకుండా ముందే వేసుకోవాలి. ఇది డాక్టర్‌ను అడిగి తీసుకెళ్ళండి.

ఎప్పుడు వెళ్ళాలి అన్నది చాలా ముఖ్యం. జూలై, ఆగస్టుల్లో ఈ సముద్రం మీద ఉత్తరం నుంచి పొడి గాలి వీస్తుంది, మెల్తేమి అంటారు, ఒక్కోసారి రోజుల తరబడి ఆగదు. దాని వెనక ఉన్న కారణం చదివి నాకు సంతోషం వేసింది. మనకు వానాకాలం తెచ్చే అల్పపీడనం పడమర వైపు టర్కీ దాకా సాగుతుంది, అటు బాల్కన్ వైపు పీడనం ఎక్కువగా ఉంటుంది, ఆ రెంటి మధ్య గాలి దక్షిణానికి దూసుకొస్తుంది. మన పొలాల్లో నాట్లు వేసే రోజుల్లోనే అక్కడ పడవలు రేవుల్లో కట్టేసుకుంటాయన్నమాట. అందుకే పెద్దవాళ్ళతో వెళ్తే మే, జూన్ మొదటి సగం, లేదంటే సెప్టెంబర్. మేలో నీళ్ళు చల్లగా ఉంటాయి, ఈత కొట్టేవాళ్ళకు సెప్టెంబరే మేలు.

కిథ్నోస్‌లో లూత్రా అనే చిన్న రేవులో ఆగాం. లూత్రా అంటేనే స్నానాలు. భూమి లోపలి నుంచి వేడినీళ్ళు ఊరి మధ్యగా కాలువలో పారి, సముద్రంలో కలుస్తాయి. కలిసే చోట ఎవరో రాళ్ళు గుండ్రంగా పేర్చి చిన్న మడుగు చేశారు. ఇనుము ఉన్న నీళ్ళు, రాళ్ళన్నీ తుప్పు రంగు. ఈ నీళ్ళ వల్లే మధ్యయుగంలో దీవికి థెర్మియా అని పేరు. బాపు ప్యాంటు పైకి మడిచి మోకాళ్ళ దాకా ముంచుకుని చీకటి పడేదాకా కూర్చున్నాడు. ఊరికి దగ్గర్లోనే మరూలస్ అని ఒక చోట దాదాపు పదివేల ఏళ్ళ కిందటి మనుషుల ఇళ్ళు, సమాధులు దొరికాయి. సముద్రం ఒడ్డున, పెద్ద బోర్డులు, హంగామా ఏమీ లేకుండా. ఇదే దీవిలో 1982లోనే గాలిమరలతో కరెంటు తీశారు.

సోమవారం సాయంత్రం సెరిఫోస్. లివాది రేవు నుంచి తలెత్తితే కొండ మీద తెల్లటి ఊరు, హోరా, అంటే దీవికి ముఖ్యమైన ఊరు. చిన్నప్పుడు పండక్కి అమ్మ ఇంటికి సున్నం కొట్టి, గడపల అంచులు దిద్దినట్టే అక్కడ నేల మీద పరిచిన బండల సందుల్లో కూడా సున్నం గీతలు దిద్దారు. పైదాకా మెట్లున్నాయి, మేం బస్సులో వెళ్ళి మెట్ల మీదుగా దిగాం. సముద్రంలో కొట్టుకొచ్చిన దానాయే, ఆమె బిడ్డ పెర్సియస్ ఒడ్డు చేరింది ఈ దీవికే అని గ్రీకు పురాణం.

మంగళవారం కారు అద్దెకు తీసుకుని దీవికి అటు వైపు, మెగాలో లివాదికి వెళ్ళాం. ఈ ట్రిప్ మొత్తంలో నేను మర్చిపోలేని చోటు ఇదే. చిన్న ఇసుక తీరం, చెట్ల నీడన రెండు మూడు భోజనాల బల్లలు, ఒడ్డున పైకప్పు లేని ఒక పెద్ద భవనం. అది గని కంపెనీ ఆఫీసు. తీరం చివర ఇనుప వంతెన ఒకటి సముద్రం మీదికి వచ్చి సగంలో ఆగిపోయి ఉంది. దాని మీదుగానే ముడి ఇనుము ఓడల్లోకి పోసేవాళ్ళు. కొండ పక్క తుప్పు పట్టిన పట్టాలు, పట్టాల మీద, పక్కన పడి ఉన్న టబ్బులు, అంటే ముడి ఇనుము మోసిన చిన్న ఇనుప బళ్ళు.

బాపు కారు దిగి మాతో ఏమీ అనకుండా నేరుగా ఒక టబ్బు దగ్గరికి వెళ్ళాడు. దాని అంచు మీద చెయ్యి వేశాడు. తర్వాత వంగి, టబ్బు ముందు వైపు కింద చెయ్యి పెట్టి ఏదో వెతికాడు. వేళ్ళకు ఇనుప కొక్కెం తగిలింది. ఒక టబ్బును ఇంకో టబ్బుకు తగిలించేది. "గిదే లింకు బిడ్డా," అన్నాడు. "ఎత్తు మీద గిది ఊడితే కిందున్నోడు మిగలడు." చెయ్యి బయటికి తీసి చూసుకుంటే అరచేయి అంతా ఎర్రటి తుప్పు. తుడుచుకోలేదు. పట్టాల మధ్య కాలు పెట్టి వెడల్పు కొలిచాడు, చక్రం పట్టుకుని కదిలించి చూశాడు, మూడు తరాలుగా కదలని చక్రం అది. గోదావరిఖనిలో నా చిన్నప్పుడు బాపు షిఫ్ట్ నుంచి వస్తే నేను ఆయన చేతుల రంగు మాత్రమే చూశాను. ఆ చేతులు పని చేయడం అక్కడ చూశాను.

కొంచెం పక్కన స్మారకం ఉంది. 1916 ఆగస్టులో ఇక్కడి కార్మికులు సమ్మె చేశారు. రోజంతా చాకిరీ, గనిలో భద్రత లేదు, ఎనిమిది గంటల పని కావాలని అడిగారు. గని నడిపేది గ్రోమన్ అనే జర్మన్ కుటుంబం. సంఘాన్ని నడిపింది ఆ దీవిలోనే పుట్టిన కాన్‌స్టాంటినోస్ స్పెరాస్. రేవులో ఓడ ఉంది, దానికి ముడి ఇనుము ఎక్కించం అన్నారు. పోలీసులు వచ్చి గడువు పెట్టి, కాల్పులు జరిపారు. నలుగురు కార్మికులు చనిపోయారు. తర్వాత ఆడవాళ్ళతో సహా జనం రాళ్ళతో తిరగబడ్డారు. తమ్ముడు ఫోన్‌తో అక్షరాలు చదివి నాలుగు పేర్లూ పైకి పలికాడు. బాపు చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"ఎనిమిది గంటల కోసమా?" అని అడిగాడు. అవును అన్నాను. చాలాసేపటి తర్వాత అన్నాడు, "మేం సైరన్ కూయంగనే పైకొచ్చేటోళ్ళం. గా ఎనిమిది గంటలు ఎవలు తెచ్చిన్రో మాకెవలు చెప్పలే."

గనులు 1960ల్లో మూతపడ్డాయి. సొరంగాల నోళ్ళు అక్కడక్కడా తెరిచే ఉన్నాయి, లోపలికి మాత్రం వెళ్ళకండి. మా పాప ఒక దాని దగ్గరికి వెళ్ళబోతే బాపు వెనక్కి పిలిచాడు, పైకప్పుకు దిమ్మెలు లేవు, ఎవరూ తట్టి చూడలేదు అని. అక్కడే బల్ల దగ్గర చేపలు తిన్నాం. బాపు ఎర్రటి రాయి ఒకటి చేతిలో పట్టుకుని బరువు చూస్తూ కూర్చుని, లేచేటప్పుడు తీసిన చోటే పెట్టాడు.

బుధవారం మూడు గంటల ప్రయాణం, సిఫ్నోస్‌లో కామారెస్ రేవు. ఇది కుండల దీవి. ఇళ్ళ మీద పొగగొట్టాలు కూడా మట్టివే, ఒక్కో ఇంటికి ఒక్కో ఆకారం. రేవు దగ్గరే ఒక కుమ్మరి దుకాణం, వెనకే చక్రం. చేస్తున్నాయన కుండ పూర్తి కాగానే రెండు చేతుల్లో దారం పట్టుకుని అడుగున కోసి ఎత్తాడు. మన దగ్గర కుమ్మరి చేసే పనే అది, వేలు మడిచే తీరుతో సహా. మా ఆయన రెండు మూతల గిన్నెలు కొన్నాడు, సామాన్లలో బట్టల మధ్య చుట్టి తెచ్చాం, ఒకటి బతికింది.

ఆ కుండల వంట ఒకటి తప్పకుండా తినండి, రెవిథాదా. కాబూలీ శనగలు, ఉల్లిపాయ, ఆలివ్ నూనె, బిర్యానీ ఆకు, నీళ్ళు, అంతే. మట్టి కుండలో వేసి మూత పెట్టి, శనివారం రాత్రి కట్టెల పొయ్యిలో పెడితే ఆదివారం పొద్దున చర్చి నుంచి వచ్చేసరికి సిద్ధం. మేం వెళ్ళింది బుధవారం అయినా ఒక హోటల్లో దొరికింది, ప్లేటు ఎనిమిది యూరోలు. కుండ బల్ల మీదికి తెచ్చి మూత తీశారు. గింజలు గుగ్గిళ్ళలా విడివిడిగానే కనిపిస్తున్నాయి, నాలుక మీద పెట్టుకుంటే నమలకుండానే వెన్నలా కరిగాయి. కిందున్న రసం చిక్కగా, కొంచెం పొగ వాసనతో ఉంది, పైన నిమ్మకాయ పిండుకుని రొట్టెతో తినాలి. కారం లేదు, పోపు లేదు, అయినా ఆరుగురం రెండో కుండ తెప్పించుకున్నాం. శాకాహారులు ఈ దీవిలో హాయిగా బతకొచ్చు.

సిఫ్నోస్ ఒకప్పుడు గ్రీకు దీవుల్లో అందరికన్నా సంపన్నమైనదని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. బంగారం, వెండి గనుల ఆదాయం ఊరివాళ్ళంతా పంచుకునేవాళ్ళు, అందులో పదో వంతు డెల్ఫీ గుడికి. క్రీ.పూ. 525 ప్రాంతంలో డెల్ఫీలో వాళ్ళు కట్టించిన పాలరాతి ఖజానా శిల్పాలు ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. తర్వాత ఆ పదో వంతు ఎగ్గొట్టారని, దేవుడికి కోపం వచ్చి సముద్రం గనుల్లోకి వచ్చిందని కథ. ఆయియోస్ సోస్టిస్ అనే చోట పాత గనులు నిజంగానే నీళ్ళ అంచున ఉన్నాయి. తమ్ముడు, మా ఆయన నడిచి వెళ్ళి ఫోటోలు తెచ్చారు. బాయిలోకి నీళ్ళు రావడం అంటే ఏమిటో తెలిసిన మనిషి బాపు, ఆ ఫోటో ఒక్కటి చూసి ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

గురువారం తిరుగు ప్రయాణం, ఇది కష్టమైన రోజు. గాలి ఎదురు, ఉత్తరం నుంచి. పొద్దున అయిదింటికే లేపాడు కెప్టెన్, మధ్యాహ్నానికి గాలి ఇంకా పెరుగుతుందని. ఇంజన్ మీద ఎనిమిది గంటలు, అలలు ముందు నుంచి తగిలి నీళ్ళు మా తలల మీద పడ్డాయి, అందరం లైఫ్ జాకెట్లు వేసుకుని తాళ్ళతో కట్టుకుని కూర్చున్నాం. నాకు చాలా టెన్షన్ అయింది, బాపు చెయ్యి వదల్లేదు. ప్లాన్‌లో ఉన్న ఒక ఆగేచోటును కెప్టెన్ తీసేసి నేరుగా కిథ్నోస్‌లో మెరిహస్ రేవులోకి తీసుకెళ్ళాడు. తమ్ముడు కొంచెం వాదించాడు, తర్వాత గంటకే ఆ గాలి చూసి సారీ చెప్పాడు. పడవ కన్నా ముందు కెప్టెన్ ఎవరో చూసుకోండి. ఆ దీవుల్లో ఎన్నేళ్ళుగా నడుపుతున్నాడో అడగండి, వీలైతే ముందే వీడియో కాల్‌లో మాట్లాడండి.

రెండో ఫిర్యాదు చివర్లో. పడవ వెనక పక్క ఒక గీత ఉందని డిపాజిట్‌లో కోత పెట్టబోయారు. అది మేం తీసుకున్నప్పటి నుంచీ ఉంది. అదృష్టం కొద్దీ మా పాప మొదటి రోజు పడవ చుట్టూ తిరిగి వీడియో తీసింది, అందులో ఆ గీత కనిపించింది. ఆ వీడియో చూపించాక మాట మార్చారు, కానీ డబ్బు మొత్తం వెనక్కి రావడానికి పన్నెండు రోజులు పట్టింది. మీరు పడవ తీసుకున్నప్పుడు లోపల, బయట, నీటి అంచు దాకా వీడియో తీయండి, వాళ్ళు ఎంత తొందరపెట్టినా సరే.

పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు ఒక మాట. చాలా రేవుల్లో పడవ ముందు వైపు లంగరు వేసి, వెనక్కి వచ్చి, వెనక భాగాన్ని గట్టుకు కడతారు. గట్టు మీదికి దిగడానికి అడుగు వెడల్పు చెక్క ఒకటి. బాపు మొదటిసారి దాని మీద నడుస్తుంటే కెప్టెన్ ముందు, తమ్ముడు వెనక. నాలుగో రోజుకు ఒంటరిగా దాటాడు. మోకాళ్ళ సమస్య బాగా ఉన్నవాళ్ళకు, కళ్ళు తిరిగేవాళ్ళకు ఇది వద్దు, వాళ్ళకు పెద్ద ఫెర్రీలు ఉన్నాయి, అవే దీవులకు వెళ్తాయి, దిగి గది తీసుకుని ఉండొచ్చు. గది నుంచి పైకి రావడానికి నిచ్చెన లాంటి నిటారు మెట్లు, రాత్రిపూట బాత్రూమ్‌కు లేచేవాళ్ళకు బాత్రూమ్ ఉన్న గదే ఇవ్వండి. చెక్ చేసి బుక్ చేయండి, కెప్టెన్ గదిని వదిలేసి మిగిలినవి లెక్కపెట్టండి.

తమ్ముడు వచ్చే సెప్టెంబర్‌కు మళ్ళీ పడవ చూస్తున్నాడు, ఈసారి నాక్సోస్ వైపు. బాపును వస్తావా అని అడిగితే, అక్కడ బాయి ఉందా అన్నాడు. నాక్సోస్ కొండల్లో సానరాయి తవ్విన గనులు ఉన్నాయని, తీగల మీద తొట్లు వేలాడదీసి ఆ రాయిని కొండల మీంచి రేవుకు దించేవాళ్ళని చెప్పాను. పాస్‌పోర్ట్ ఇంకా ఎన్నేళ్ళు ఉందో చూడమన్నాడు.